తుపాకుల కథలో జెస్సీ అక్క

టోపీ కళ్ల మీదికి లాగి, నోట్లో సిగరెట్ పెట్టుకుని చల్లగా చూసే ఒక తెల్లాయన ఫొటో మన క్యాంపుల్లో చాలామంది వాట్సాప్ స్టేటస్‌లో కనిపిస్తోంది. ఆయన పేరు టామీ షెల్బీ. ‘పీకీ బ్లైండర్స్’ అనే ఇంగ్లీషు సీరియల్లో హీరో. ఆ వేషం వేసింది ఐర్లండ్ నటుడు కిలియన్ మర్ఫీ. ఈ శీర్షిక చదివే తమ్ముళ్లు ఇద్దరు ముగ్గురు ఒకే మాట అడిగారు: “అన్నా, ఈ టామీ నిజంగా ఉన్నాడా?”

లేడు తమ్ముడూ. టామీ కల్పించిన మనిషి. అయితే ఆ సీరియల్ నాలుగో సీజన్లో నిజంగా బతికిన ఒక మనిషి ఉంది. ఆమె ఫ్యాక్టరీలో పనిచేసిన కార్మికురాలు, పేరు జెస్సీ ఈడెన్. ఆమె ఫొటో మాత్రం ఎవరి స్టేటస్‌లోనూ నేను చూడలేదు. ఆ సీజన్‌ని ఎలా అల్లారు, జెస్సీని అందులోకి ఎందుకు తెచ్చారు, తెచ్చి ఏం చేశారు అన్నది ఈ వారం చెప్పుకుందాం. కథ చివరిదాకా చెబుతాను కాబట్టి ఇంకా చూడనివాళ్లు ఈ పేజీ మడిచి దిండు కింద పెట్టుకుని, చూశాక చదవండి.

ముందు సీరియల్ సంగతి. దీన్ని రాసింది స్టీవెన్ నైట్. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్ ఆయన సొంత ఊరు. 2013లో బీబీసీ టూ ఛానల్లో మొదలై, 2022లో ఆరో సీజన్‌తో ముగిసింది. సీజన్‌కు ఆరు భాగాలు, మొత్తం ముప్పై ఆరు. ఈ కథ ఆయనకు ఎక్కడ దొరికిందో ఆయనే చాలాసార్లు చెప్పాడు. వాళ్ల నాన్న చిన్న పిల్లాడిగా ఉన్నప్పుడు ఇంట్లోవాళ్లు ఒక చీటీ ఇచ్చి మేనమామల దగ్గరికి పంపారట. తలుపు తీస్తే లోపల పొగ, బల్ల నిండా డబ్బు, చుట్టూ ఖరీదైన సూట్లు వేసుకున్న మనుషులు. వాళ్లు బీరు తాగుతున్నది మాత్రం జామ్ సీసాల్లో. బట్టలకు ఎంతైనా పెడతారు గానీ గ్లాసులు కొనరు. ఆ పిల్లాడి కళ్లకు వాళ్లు రాజుల్లా కనిపించారు. సీరియల్ మొత్తానికి ఆ చూపే ఆధారం. పేదల వాడలో గూండాలు పిల్లాడికి ఎంత పెద్దగా కనిపిస్తారో, తెర మీద అంత పెద్దగా చూపించాడు నైట్.

చరిత్రలో పీకీ బ్లైండర్స్ అనే ముఠాలు ఉన్న మాట నిజమే. కానీ వాళ్ల కాలం 1890ల చుట్టుపక్కల. బర్మింగ్‌హామ్ వీధుల్లో కొట్లాటలు, దొంగతనాలు చేసే కుర్రాళ్లు. నైట్ వాళ్లను ముప్పై ఏళ్లు ముందుకు జరిపి 1919లో పెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధం అప్పుడే ముగిసింది. కందకాల్లో చావు చూసి వచ్చిన మగవాళ్లు ఇంటికొచ్చాక నిద్ర పట్టక, ఎవరికీ భయపడక ఎలా మారారో చూపడానికి ఆ కాలం బాగా కుదిరింది. టోపీ అంచులో బ్లేడు దాచేవాళ్లన్నది కూడా కట్టుకథేనని బర్మింగ్‌హామ్ చరిత్ర రాసిన కార్ల్ చిన్ తేల్చారు. ఆ రోజుల్లో అలాంటి బ్లేడ్లు డబ్బున్నవాళ్ల వస్తువు, వీధి కుర్రాళ్లకు అందేవి కావు. ఇంకొకటి చూడండి. బిల్లీ కింబర్ అనే నిజమైన గూండాను మొదటి సీజన్ చివర 1919లోనే చంపేశారు. అసలు కింబర్ 1945 దాకా బతికి, మంచం మీదే పోయాడు. కథ కోసం కాలాన్ని, చావుని మార్చడం ఈ సీరియల్‌కు మొదటినుంచీ అలవాటు.

ఇక నాలుగో సీజన్. ఇది 2017 నవంబర్, డిసెంబర్ నెలల్లో వచ్చింది. ఆరు భాగాలకూ దర్శకుడు డేవిడ్ కాఫ్రీ. అప్పటికి రాసేవాడి ముందు ఒక చిక్కు ఉంది. మొదటి సీజన్లో మసి పట్టిన వీధిలో ఉన్న టామీ మూడో సీజన్‌కల్లా పెద్ద బంగళాకి మారాడు. నౌకర్లు, గుర్రాలు, వెండి సామాను అన్నీ వచ్చాయి. అన్నీ ఉన్నవాడి మీద చూసేవాడికి బెంగ ఏముంటుంది? మన సినిమాల్లో కూడా హీరో ఫస్టాఫ్‌లోనే కోటీశ్వరుడైపోతే సెకండాఫ్ నడవదు కదా.

నైట్ దీనికి మూడు పనులు చేశాడు. మొదటిది, కుటుంబాన్ని ముక్కలు చేశాడు. మూడో సీజన్ చివర టామీ సొంతవాళ్లే జైలు పాలవుతారు. నాలుగో సీజన్ వాళ్లను ఉరికంబం దగ్గరికి తీసుకెళ్లడంతో మొదలవుతుంది. ఆఖరి నిమిషంలో ప్రాణాలు దక్కుతాయి గానీ టామీ మీద నమ్మకం పోతుంది. అన్న ఆర్థర్, తమ్ముడు జాన్, పాలీ అత్త ఎవరి దారి వాళ్లు చూసుకుంటారు.

రెండోది, బయటి నుంచి శత్రువును దింపాడు. 1925 క్రిస్మస్‌కు ఇంటింటికీ ఒక కార్డు వస్తుంది. దాని మీద నల్ల చేతి ముద్ర. న్యూయార్క్ నుంచి లూకా ఛాంగ్రెటా అనే మాఫియా నాయకుడు తన తండ్రినీ సోదరుడినీ చంపినందుకు పగ తీర్చుకోవడానికి వస్తున్నాడు. ఈ వేషం వేసింది ‘ది పియానిస్ట్’ సినిమాకు ఆస్కార్ తెచ్చుకున్న ఏడ్రియన్ బ్రోడీ. లూకా కూడా కల్పించిన పాత్రే. అతని పగ మనకు కొత్త కాదు. రాయలసీమ ఫ్యాక్షన్ సినిమాలు చూసి పెరిగినవాళ్లం, తండ్రి చావుకు కొడుకు బయలుదేరడం మనకు బాగా తెలుసు.

మూడోది, మొదటి భాగంలోనే జాన్‌ను చంపేశాడు. తన ఇంటి ముందే తూటాలకు పడిపోతాడు. తొలి సీజన్ నుంచి ఉన్న తమ్ముడు మొదటి రోజే పోయాడంటే ఇక ఎవరికీ గ్యారంటీ లేదని చూసేవాడికి అర్థమవుతుంది. తర్వాత ఐదు భాగాలూ ఆ భయంతోనే నడుస్తాయి. పగ నుంచి తప్పించుకోవడానికి కుటుంబం మొత్తం మళ్లీ పాత వాడకు, స్మాల్ హీత్‌కు చేరుతుంది. బంగళా పోయి మళ్లీ పొగ, మసి, ఇరుకు గదులు. సీజన్‌కు ప్రాణం పోసింది ఇదేనని నా అభిప్రాయం. పుట్టిన వాడలో ఎవడు కొత్తవాడో ఎవడు పాతవాడో టామీకి తెలుసు. అమెరికా నుంచి వచ్చినవాడికి తెలియదు.

అక్కడే జెస్సీ వస్తుంది. వేషం వేసింది చార్లీ మర్ఫీ అనే నటి. టామీ ఇప్పుడు ఫ్యాక్టరీల యజమాని. ఆడవాళ్ల కూలీ గురించి అడగడానికి యూనియన్ తరఫున ఆమె నేరుగా అతని ముందుకొస్తుంది. బయట పెద్ద సమ్మె రాబోతోంది. టామీ ఆమెతో మాట కలుపుతాడు, దగ్గరవుతాడు. చివరికి తేలేదేమిటంటే, ఆమె ద్వారా తెలుసుకున్న కమ్యూనిస్టుల పేర్లు ప్రభుత్వానికి ఇచ్చేసి, బదులుగా లేబర్ పార్టీ టిక్కెట్టు మీద ఎంపీ అవుతాడు.

ఇప్పుడు అసలు జెస్సీ సంగతి వినండి. ఆమె 1902లో పుట్టింది. బర్మింగ్‌హామ్‌లో మోటారు బండ్లకు కరెంటు సామాన్లు చేసే జోసెఫ్ లూకాస్ ఫ్యాక్టరీలో పని. 1926 మే నెలలో, బొగ్గు గని కార్మికుల కూలీ తగ్గించి పని గంటలు పెంచడానికి వ్యతిరేకంగా ఇంగ్లండ్ అంతా తొమ్మిది రోజులు పని ఆగిపోయింది. ఆ ఫ్యాక్టరీలో యూనియన్‌లో ఉన్న ఆడవాళ్లు కొద్దిమందే. వాళ్లను జెస్సీ బయటికి నడిపించింది. కాబట్టి 1926 కథలో ఆమె ఉండడం తప్పేమీ కాదు. కానీ ఆమెకు పేరు తెచ్చిన పోరాటం ఐదేళ్ల తర్వాత, 1931లో జరిగింది.

అప్పట్లో బెడో పద్ధతి అని ఒకటి వచ్చింది. చార్లెస్ బెడో అనే ఆయన కనిపెట్టిన లెక్క. మనిషి పని చేస్తుంటే పక్కన ఒకడు గడియారం పట్టుకుని నిలబడతాడు. ఒక నిమిషంలో ఇంత పని, ఇంత విశ్రాంతి అని కలిపి దానికి ‘బి’ అని పేరు. గంటకు 60 ‘బి’లు చేయాలి. దాటితే బోనసు, తగ్గితే చీవాట్లు. లూకాస్‌లో కొలత తీయడానికి చేతి చురుకు ఉన్న జెస్సీని ఎంచుకున్నారు. ఆమె వేగమే అందరికీ లెక్క అవుతుందన్నమాట. పక్కవాడు ఎందుకు నిలబడ్డాడో ఆమె గ్రహించింది. తను వేగంగా చేస్తే అదే వేగం పక్కన ఉన్న ముసలి ఆమె మెడకు చుట్టుకుంటుంది. తోటివాళ్లకు విషయం చెప్పింది. దాదాపు 10 వేల మంది ఆడవాళ్లు పని ఆపి బయటికొచ్చారు. వాళ్లలో ఎక్కువమందికి యూనియన్ కార్డు కూడా లేదు. వారం రోజుల్లో కంపెనీ ఆ పద్ధతిని వెనక్కి తీసుకుంది. ఎవరి చేతిలోనూ తుపాకి లేదు.

తర్వాత ఆమె సోవియట్ రష్యా వెళ్లి మాస్కో మెట్రో కట్టే కార్మికుల మధ్య పనిచేసింది. దుబాయిలో, దోహాలో మెట్రో సొరంగాల్లో చెమట కార్చిన మన అన్నలకు ఆ పని ఎలాంటిదో నేను చెప్పనక్కర్లేదు. 1939లో బర్మింగ్‌హామ్‌లో దాదాపు 50 వేల ఇళ్లవాళ్లు అద్దె పెంపుకు వ్యతిరేకంగా నిలబడితే ముందు నడిచినవాళ్లలో ఆమె కూడా ఉంది. 1986లో కన్నుమూసింది.

మరి సీరియల్లో ఆమెను టామీకి దగ్గర చేయడం ఎందుకు? రాసేవాడి వైపు నుంచి ఆలోచిస్తే కారణం కనిపిస్తుంది. ఇది టామీ కథ. ఎవరు తెర మీదికి వచ్చినా అతనికి ప్రేమగానో పగగానో బేరంగానో ముడిపడాలి. లేకపోతే ఆ పాత్ర పక్క కథ అయిపోతుంది. పైగా ఈ ముడి వల్ల నైట్ ఒక నిజాయితీ పని కూడా చేశాడు. టామీని పేదల దేవుడిగా చూపలేదు. మన సినిమాల్లో అయితే గూండా చివరికి కార్మికుల పక్షాన నిలబడి, వాళ్లు దండలు వేస్తుండగా శుభం కార్డు పడుతుంది. ఇక్కడ గూండా కార్మికుల పేర్లు అమ్ముకుని పార్లమెంటు మెట్లు ఎక్కుతాడు. చూసే కుర్రాడికి ఆ సూటు నచ్చినా, ఆ సూటుకు డబ్బు ఎక్కడిదో కథ దాచలేదు. అందుకు నైట్‌కు దండం పెట్టాల్సిందే.

కానీ అందుకోసం జెస్సీని మోసపోయినదాన్ని చేయాల్సొచ్చింది. అక్కడే నా బాధ. నిజం జెస్సీ పక్కన ఒకడు గడియారంతో నిలబడగానే అతని ఉద్దేశం పసిగట్టిన మనిషి. సీరియల్ జెస్సీ పక్కన నిలబడిన టామీ ఉద్దేశం కనిపెట్టలేకపోయింది. ఆమె పేరు ఉంచారు, ఊరు ఉంచారు, ఆమె తెలివిని మాత్రం టామీకి ఇచ్చేశారు. జాన్‌నో లూకానో ఎలా రాసుకున్నా అడిగేవాళ్లు లేరు, వాళ్లు కాగితం మీద పుట్టినవాళ్లు. నిజంగా బతికిన మనిషి పేరు పెట్టుకున్నప్పుడు ఆ పేరుకు తగ్గ బరువు ఇవ్వాలి. లేదంటే పేరు మార్చుకోవాలి. నన్నడిగితే ఆమె పేరు మార్చేసినా సీజన్‌లో ఒక్క సీను కూడా చెడేది కాదు.

ఇంకో మాట కూడా ఉంది. గడియారం పట్టుకున్న మనిషిని తెర మీద చూపడం కష్టమా? నేను ఆఫీసులో టైమ్ షీట్లు టైపు చేసే మనిషిని. ఎవరు ఎన్ని గంటలు చేశారు, ఓవర్‌టైమ్ ఎంత, ఎక్కడ అరగంట కోత పడింది అన్నది రోజూ నా కళ్ల ముందు నుంచే పోతుంది. ఆ అరగంట ఊళ్లో ఒక పిల్లవాడి ఫీజు అని నాకు తెలుసు, మీకూ తెలుసు. 10 వేల మంది కార్డు పంచ్ చేయకుండా గేటు దాటిన రోజు కన్నా ఉత్కంఠ ఏ తూటాలో ఉంటుంది? అయినా సీరియల్ తీసేవాళ్లు తూటానే నమ్ముకుంటారు. చూసేవాళ్లం మనం కూడా తూటాకే ఈల వేస్తాం కాబట్టి తప్పంతా వాళ్లదే అనలేను.

సీరియల్ చూడొద్దని నేను అనడం లేదు. నాలుగో సీజన్ గట్టిగా అల్లిన కథ. డ్యూటీ దిగి మంచం ఎక్కి చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే గంట ఎలా పోయిందో తెలియదు. కాకపోతే చరిత్ర అని చెప్పే ఏ కథ చూసినా రెండు ప్రశ్నలు దగ్గర పెట్టుకోండి. ఇందులో నిజంగా బతికినవాళ్లు ఎవరు? వాళ్లు చేసిన పనిని కథలో ఎవరి ఖాతాలో వేశారు? ఇంగ్లీషు సీరియల్‌కే కాదు, మన భాషలో వచ్చే వీరుల సినిమాలకూ ఇవే ప్రశ్నలు పనికొస్తాయి.

స్టేటస్‌లో టామీ ఫొటో పెట్టుకున్న తమ్ముళ్లతో నాకు పేచీ లేదు. ఈసారి నాలుగో సీజన్ చూసేటప్పుడు జెస్సీ తెర మీదికి రాగానే పక్క మంచం అతన్ని పిలిచి, ఈమె నిజంగా ఉంది, ఈమె వెంట 10 వేల మంది నడిచారు అని చెప్పండి. ఆ మాట సీరియల్లో లేదు, మనమే చెప్పుకోవాలి.

వచ్చే వారం మళ్లీ కలుద్దాం.