కలిసిపోతే జనం తిరిగొస్తారా?

రెండు సంస్థలు ఏళ్ల తరబడి కొట్టుకుని చివరికి కలిసిపోతే, "హమ్మయ్య, ఇక మంచిరోజులే" అనేసుకుంటాం. ఆఫీసులో మెర్జర్ మెయిల్ వచ్చిన రోజు కూడా ఇంతే కదా! నాకైతే అంత నమ్మకం లేదు.

అమెరికా కార్ల రేసులే చూడండి. చక్రాలు బయటికి కనిపించే, ఫార్ములా వన్ లాంటి కార్ల రేసుల్ని అక్కడ ప్రధానంగా 'కార్ట్' అనే సంస్థ నడిపేది. ఇండియానాపొలిస్ ట్రాక్ అధిపతి టోనీ జార్జ్ 1996లో వేరుకుంపటి పెట్టాడు. ఆ ఏడాది ఇండీ 500 జరిగిన రోజే కార్ట్ వాళ్లు మిషిగన్‌లో పోటీగా ఇంకో 500 మైళ్ల రేసు పెట్టారు! పన్నెండేళ్ల తర్వాత, 2008లో, మళ్లీ ఒకటయ్యారు. కానీ ఈలోపు చాలామంది నాస్కార్ చూడ్డానికి అలవాటుపడిపోయారు. 2025లో ఇండీ 500ని టీవీలో సుమారు 70 లక్షల మంది చూశారు. 2008 తర్వాత అదే ఎక్కువ. అంటే కలిసిన ఏటి స్థాయికి రావడానికే 17 ఏళ్లు పట్టిందన్నమాట. మిగతా రేసులైతే ఆ దరిదాపుల్లో కూడా లేవు.

మరి కలవడం ఎప్పుడూ దండగేనా? కాదు. నోడ్.జేఎస్ నుంచి ఐఓ.జేఎస్ 2014 చివర్లో విడిపోయి, 2015లోనే మళ్లీ కలిసింది. ఏడాది కూడా తిరగలేదు కాబట్టి వాడేవాళ్లు ఎక్కడికీ పోలేదు. తేడా అంతా అక్కడే ఉంది. విలీనం ఉన్నవాళ్లని నిలబెడుతుంది గానీ, పోయినవాళ్లని వెనక్కి తేదు.

ఇక మన సంగతి. 2022 నవంబర్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఇండియన్ రేసింగ్ లీగ్ పెడితే, ప్రమాదాలు, ఆలస్యాలతో అసలు రేసులే రద్దయ్యాయి. 2023 ఫిబ్రవరి 11న అక్కడే ఫార్ములా-ఈ జరిగింది. 2024లో జరగాల్సింది, ప్రభుత్వం మారాక రద్దయింది. ఇప్పుడు ఆ పేరెత్తితే రేసు కంటే కేసే ముందు గుర్తొస్తుంది. ఇలాంటివన్నీ ఒకే లీగులో కలిపేస్తే బాగుపడతాయా? అసలు జనమే తయారవని చోట ఎవర్ని ఎవరితో కలుపుతాం? హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ జట్టులో మన అనిందిత్ రెడ్డి కారు నడిపాడని ఎంతమందికి తెలుసు?

మా కుప్పం వైపు పశువుల పండక్కి ఎద్దుల్ని పరుగెత్తిస్తారు. దానికి లీగూ లేదు, లోగోలూ లేవు. అయినా జనం మిద్దెలెక్కి మరీ చూస్తారు. ఎందుకంటే పరిగెత్తేది ఎవరి ఎద్దో, ఏ ఊరిదో వాళ్లకి తెలుసు. కార్ల రేసుకి ఇక్కడ లేనిది ఆ 'మనది' అనే భావనే. నాలుగు ఊళ్లలో పిల్లలు నేర్చుకోవడానికి చవకగా చిన్న ట్రాకులుంటే, పదేళ్లలో అది దానంతటదే వస్తుంది. సంతకాలతో మాత్రం రాదు.