మాటనేర్పు – సాక్ష్యబలము

వక్తృత్వమనగానే మనకు మొదట స్ఫురించునవి కంఠమాధుర్యము, పదాడంబరము, సభలో మ్రోగు చప్పట్లు. వక్తృత్వమును శాస్త్రముగా అభ్యసించిన ప్రాచీన రోమనులు వీనికి ప్రథమస్థానము నీయలేదు. వారు ఈ విద్యకు ఐదు అంగములు చెప్పినారు. చెప్పదగిన విషయమును అన్వేషించుట మొదటిది. దానిని క్రమముగా కూర్చుట రెండవది. తగిన మాటలు తొడుగుట మూడవది. జ్ఞప్తియందుంచుకొనుట నాల్గవది. స్వరముతో, హస్తవిన్యాసముతో సభకు అందించుట చివరిది. మనము ముందుగా మెచ్చుకొనునది వారి వరుసలో ఐదవదన్నమాట!

క్రీ.పూ. 70లో సిసిరో సిసిలీ ప్రజల పక్షమున నిలిచి, వారిని దోచుకొన్న మాజీ గవర్నరు వెర్రెస్‌పై అభియోగము నడిపినాడు. ఎదుటిపక్షమున ఆనాటి మేటి వక్త హోర్టెన్సియస్ ఉన్నాడు. సాక్ష్యసేకరణకు 110 దినముల గడువుండగా సిసిరో సుమారు 50 దినములలో సిసిలీ అంతయు తిరిగి ఆ పని ముగించినాడు. విచారణను మరుసటి యేటికి సాగదీయవలెనని ప్రత్యర్థుల ఎత్తుగడ. అది గ్రహించిన సిసిరో దీర్ఘోపన్యాసమును మానుకొని, క్లుప్తముగా మాట్లాడి, సాక్షులను, పత్రములను వరుసగా సభ ముందుంచినాడు. తీర్పు వెలువడకముందే వెర్రెస్ రోము విడిచిపోయినాడు. ఆ విజయము సాక్ష్యమునకు లొంగిన వాక్పటిమది.

అయితే నాణెమునకు రెండవవైపు కూడ కలదు. క్రీ.పూ. 66లో క్లుయెంటియస్ పక్షమున వాదించిన పిదప, న్యాయనిర్ణేతల కన్నులకు చీకట్లు కమ్మించితినని సిసిరోయే గొప్పగా చెప్పుకొన్నట్లు క్వింటిలియన్ వ్రాసినాడు. సిసిరోను ఎంతో ఆరాధించిన ఈ ఆచార్యుడు క్రీ.శ. మొదటి శతాబ్ది చివర వక్తృత్వ శిక్షణపై పన్నెండు భాగముల గ్రంథము రచించి, సజ్జనుడు కానివాడు ఉత్తమ వక్త కాజాలడని నిర్ణయించినాడు.

ఈ నిర్ణయము ఉదాత్తమే. కాని అది శ్రోతకు చాలదని మా అభిప్రాయము. వేదికపై నిలిచినవాని హృదయమును కొలుచు సాధనము శ్రోతవద్ద లేదు. “దీనికి ఆధారమేమి?” అని అడుగు హక్కు మాత్రము ఉన్నది. నేడు వ్యాపార ప్రకటన, ఎన్నికల ప్రసంగము, చేతిలోని ఫోనుకు వచ్చు సందేశము – అన్నియు మన భయమును, ఆశను, అభిమానమును తట్టి లేపుచున్నవి. హృదయమును కదిలించుట తప్పు కాదు; రోమనులును దానిని వక్త ధర్మములలో చేర్చినారు. కాని బోధించుట లేని కదిలింపు మోసమునకు దారి తీయును.

కావున కళాశాల కార్యవర్గమునకు మా మనవి యొకటి. వక్తృత్వపు పోటీలలో కంఠమునకు, అభినయమునకు ఇచ్చు మార్కులకంటె ఆధారములకు ఎక్కువ మార్కులు కేటాయింపవలెను. రోమను యువకులు కల్పిత వ్యాజ్యములపై ఉభయపక్షముల వాదించుట అభ్యసించెడివారు. మన విద్యార్థులును తాము నమ్మని పక్షమున ఒక్కమారైనను వాదింపవలెను. ప్రసంగానంతరము శ్రోతలకు ప్రశ్నించు అవకాశము ఈయవలెను.

విద్యార్థులారా! పది మందిని మెప్పించు వక్తలు మీలో ఎందరో కలరు. వారిని నిలిపి ప్రశ్నింపగల శ్రోతలు కూడ మీలోనుండియే రావలెను. ఈ రెండవ విద్యకు బహుమతులు లేవు. అయినను ప్రజాస్వామ్యమునకు దాని అవసరమే ఎక్కువ.