ఆర్టికల్ లేని భాషలో నిర్దిష్టత లేదా?

జపనీస్‌లో నిర్దిష్టతాభావనే లేనందున ఆ భాషీయులకు ఆంగ్ల ఆర్టికల్స్ పట్టుబడవనే వాదం నిలవదు. జపనీస్ కథలో ముసలివాడు తొలిసారి ప్రవేశించినప్పుడు ‘గ’, మళ్లీ ప్రస్తావనకు వచ్చినప్పుడు ‘వ’ ఆ నామానికి చేరడం పరిపాటి. ఆంగ్లంలో ‘ఎ’, ‘ది’ల భేదానికి ఇది సన్నిహితం. తెలుగు కథలో ‘ఒక రాజు’ మరుసటి వాక్యంలో ‘ఆ రాజు’ కావడమూ ఇటువంటిదే. సామ్యం సంపూర్ణం కాదు. తెలిసిన వస్తువుకూ ‘గ’ చేరవచ్చు. ఏకవచన, బహువచన భేదాన్ని జపనీస్ నామం తప్పనిసరిగా చూపదు కనుక ‘ఎ’ వాడుకలో మరో చిక్కు ఉంది. అయినా విడివాక్యాల్లో ఖాళీలు పూరింపజేసే బోధన ఈ చిక్కులలో దేనినీ విప్పదు. శ్రోతకు ఏది తెలుసునన్న అంచనాకు ఆధారం సందర్భమే. మాతృభాషలో విద్యార్థి నిత్యం వేసే ఆ అంచనా నుంచే పాఠం మొదలు కావాలి. అతని భాషను శూన్యపాత్రగా చూసే బోధనకు అతని తప్పులను ఎంచే అర్హత లేదు.