లావు తూటా, నిలకడైన చేయి

పెద్ద జంతువుల వేటకు ఏ బోల్ట్ యాక్షన్ రైఫిల్ మేలన్న చర్చ ఎక్కడ మొదలైనా, చివరకు తూటా లావు దగ్గరకే చేరుతుంది. ఎంత లావైతే అంత మగతనమన్న ధోరణి అందులో వినిపిస్తుంది. నేను వేటగాణ్ణి కాను. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1991లో వచ్చిన సవరణ సరదా వేటకు తలుపులు మూసేశాయి. అది నాకు సంతోషమే. కానీ వేట చట్టసమ్మతమైన చోట, అమెరికాలో ఎల్క్ వేటకో మూస్ వేటకో రైఫిల్ కొనబోయే తెలుగువారెవరైనా ఉంటే, వారికి ఒక మాట చెప్పాలనిపిస్తుంది.

1907లో జిమ్ కార్బెట్ చంపిన చంపావత్ ఆడపులి కథ చాలామందికి తెలిసినదే. అది 436 మందిని పొట్టన పెట్టుకున్నదని లెక్క. చచ్చిన తరువాత నోరు తెరిచి చూస్తే, కుడివైపు కోరలు రెండూ విరిగి ఉన్నాయి. ఎవరిదో పాత తుపాకిదెబ్బ. సహజమైన ఆహారాన్ని వేటాడలేకనే అది మనిషి మీదికి వచ్చిందని కార్బెట్ నిర్ధారణ. గురి తప్పిన ఆ గుండు ఎంత లావుదో ఎవరికి కావాలి? అది పడవలసిన చోట పడలేదు, అంతే. ఆ పులిని చంపినందుకు కార్బెట్‌కు బహుమానంగా దక్కినది లండన్ రిగ్బీ వారి .275 బోల్ట్ యాక్షన్ రైఫిల్. ఏడు మిల్లీమీటర్ల సన్నని తూటా దానిది.

అదే కొలత తూటాతో ఆఫ్రికాలో డబ్ల్యూ.డి.ఎం. బెల్ వందలాది ఏనుగులను కూల్చాడు. ఏనుగు పుర్రెను కోయించి, మెదడు ఎక్కడుంటుందో చూసి నేర్చుకున్న మనిషి అతడు. ఆ సంహారాన్ని నేను మెచ్చుకోవడం లేదు. ప్రాణం తీసినది తూటా లావు కాదు, ఆ తెలివిడి అని మాత్రమే అంటున్నాను.

ఎదుటివారి వాదనలోనూ బలముంది. దట్టమైన పొదల్లోంచి అడవిదున్న మీదికి దూకినప్పుడు సన్నని తూటా దాన్ని ఆపలేకపోవచ్చు. అందుకే ఆఫ్రికాలో పలుచోట్ల అలాంటి జంతువులకు 1912లో వచ్చిన .375 హెచ్ అండ్ హెచ్‌నే కనీస కొలతగా పెట్టారు. కాదనను. కానీ ఆ రైఫిల్ భుజాన్ని గట్టిగా తన్నుతుంది. ఆ తన్నుకు జడిసినవాడు మీట నొక్కేముందే కళ్లు మూసుకుంటాడు, గొట్టం పక్కకు జరుగుతుంది. ఎల్క్‌కు అంత బరువు అవసరమే లేదు.

నా దృష్టిలో చూడవలసినవి వేరు. 1898 నాటి మౌజర్ పద్ధతిలో, తూటా అర నుంచి పైకి రాగానే వెడల్పాటి కొక్కెం దాని అంచును పట్టుకుని గొట్టంలోకి నడిపిస్తుంది. కంగారులో బోల్టును సగమే ముందుకు తోసి మళ్లీ వెనక్కి లాగినా రెండో తూటా ఇరుక్కోదు. అలాంటి నమ్మకమైన యంత్రం, ఒంటికి అమరిన కర్ర, జడవకుండా పేల్చగలిగినంత తూటా, ఏడాది పొడుగునా సాధన చేయడానికి సరిపడా తూటాల ఖర్చు. కొట్లో అడగవలసిన ప్రశ్న "ఇది దేన్ని చంపగలదు?" అని కాదు, "దీనితో నేను గురి తప్పకుండా ఎంత దూరం కొట్టగలను?" అని.

ఆ దూరం దాటి నిలబడిన జంతువును పోనివ్వాలి. గాయంతో పారిపోయిన దాని బాధ మనకు కనిపించదు. చంపావత్‌లో అది ఊళ్లకు ఊళ్లకే కనిపించింది.

మీరేమంటారు?