గంజాయి రసాయనం – మన తరగతి గది

మన నగరంలో ఏ కళాశాల ఆవరణలో అడుగుపెట్టినా నేడు ఒక గోడపత్రిక తప్పక కనిపిస్తుంది. పుర్రె, దాని కింద అడ్డంగా రెండు ఎముకలు, మత్తు మృత్యువు అనే అర్థం వచ్చే ఏదో ఒక నినాదం. ఉద్దేశం మంచిదే, కాదనగలవారు లేరు. కాని ఆ గోడపత్రిక ముందు నిలబడిన విద్యార్థికి దానివల్ల కలిగే జ్ఞానమెంత? గంజాయిలో ఉన్న పదార్థమేది, అది మెదడులో చేసే పని ఏది, చేసిన పిమ్మట శరీరంలో ఎంతకాలం నిలుస్తుంది – ఈ ప్రశ్నలకు ఆ పుర్రె సమాధానం చెప్పదు. రసాయన శాస్త్రం చెబుతుంది. ఆ శాస్త్రాన్ని దాచిపెట్టి భయాన్ని మాత్రమే పంచిపెట్టడం విద్యాసంస్థకు తగిన పని కాదని ఈ వ్యాసంలో విద్యార్థి మిత్రులకు, కళాశాల కమిటీ పెద్దలకు మనవి చేయదలచాను.

ఈ మాట మన ప్రాంతంలోనే ఎందుకు చెప్పవలసి వచ్చిందో ముందు చూద్దాం. దిల్‌సుఖ్‌నగర్ అంటే శిక్షణ కేంద్రాలకు, వసతి గృహాలకు పేరుపడిన పేట. నల్లగొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ వైపు నుండి ఉద్యోగ పరీక్షలకో, కంప్యూటరు చదువులకో వచ్చే యువకుడు మొదట దింపుకునే పెట్టె ఇక్కడే. అక్కడికి కొద్ది దూరంలో ఎల్.బి.నగర్ కూడలి, విజయవాడ నుండి వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి నగరంలో ప్రవేశించేది అక్కడే. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు వచ్చాక ఈ రెండు పేటలూ మరింత దగ్గరైనాయి. ఆ రహదారి వెంట తూర్పుగా పోతే, ఆంధ్ర–ఒడిశా సరిహద్దులోని మన్యం నుండి గంజాయి దిగివచ్చే మార్గాలు దానిలో కలుస్తాయి. చింతపల్లి, గూడెం కొత్తవీధి, పాడేరు, అవతల మల్కనగిరి, కోరాపుట్ – ఈ పేర్లు పత్రికలు చదివే వారందరికీ పరిచితమే. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి సమీపంలో ఆంధ్రప్రదేశ్ పోలీసులు సుమారు 2 లక్షల కిలోల గంజాయిని ఒకేచోట తగులబెట్టారు. అక్కడ పండే ఒక రకానికి 'శీలావతి' అని పేరు. పతివ్రత పేరును ఈ సరుకుకు పెట్టిన మహానుభావుడెవరో గాని, వ్యాపారికి హాస్యరసం బాగానే తెలుసు.

ఇక అసలు విషయం. నల్లమందు నుండి మార్ఫిన్‌ను పందొమ్మిదవ శతాబ్దపు తొలి సంవత్సరాలలోనే వేరుచేశారు. కోకా ఆకులోని కొకైన్ కూడా ఆ శతాబ్ది మధ్యలోనే చేతికి వచ్చింది. గంజాయి మాత్రం 1964 దాకా తన గుట్టు విప్పలేదు. కారణం ఆసక్తికరం. మార్ఫిన్, కొకైన్, పొగాకులోని నికోటిన్ – ఇవన్నీ నత్రజని గల క్షారస్వభావ పదార్థాలు, అనగా ఆల్కలాయిడ్లు. ఆమ్లంతో కలిపితే స్ఫటికాలుగా మారే లవణాలను ఇస్తాయి గనుక వాటిని వేరుచేయడం సులభం. గంజాయిలోని మత్తు పదార్థంలో నత్రజని పరమాణువు ఒక్కటి కూడా లేదు. నీటిలో కరగదు, కొవ్వులోను సారాయిలోను కరుగుతుంది, ఒకదానినొకటి పోలిన అనేక పదార్థాలతో కలిసి బంకవలె ఉంటుంది. 1839లో కలకత్తా వైద్య కళాశాల ఆచార్యుడు ఓషానెస్సీ గంజాయిని జంతువులపై, పిమ్మట రోగులపై పరీక్షించి ఫలితాలు ప్రకటించినప్పుడు ఆయన చేతిలో ఉన్నది ఆ బంకే. 1896లో కేంబ్రిడ్జిలో కెనబినాల్ అనే పదార్థాన్ని వేరుచేశారు. అది అసలు మత్తు కాదు, మత్తు పదార్థం గాలికి, కాలానికి పాడై మిగిలిన రూపం. 1940లో అమెరికాలో రోజర్ ఆడమ్స్ కెనబిడయోల్‌ను వేరుచేశాడు. అదీ మత్తు కలిగించదు. 1964లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో మెకూలమ్, గాయోని అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు టెట్రాహైడ్రోకెనబినాల్‌ను శుద్ధరూపంలో వేరుచేసి నిర్మాణాన్ని నిర్ణయించారు. సంగ్రహంగా దానిని టి.హెచ్.సి. అంటారు. పరిశోధనకు కావలసిన అయిదు కిలోల చరస్‌ను పోలీసుల వద్ద తీసుకొని బస్సులో తన ప్రయోగశాలకు మోసుకుపోయానని 2023లో కీర్తిశేషుడైన మెకూలమ్ స్వయంగా చెప్పుకున్నాడు. మన ఎల్.బి.నగర్‌లో దిగే బస్సులలోనూ అటువంటి సంచులు వస్తుంటాయి. ప్రయోగశాలకు పోవు, అంతే తేడా.

టి.హెచ్.సి. అణువులో 21 కర్బన పరమాణువులు, 30 ఉదజని, 2 ఆమ్లజని పరమాణువులు ఉన్నాయి. విశేషమేమంటే కెనబిడయోల్‌లోనూ లెక్కకు సరిగ్గా అంతే ఉన్నాయి. బి.యస్సీ. విద్యార్థికి సమాంగములను గురించి బోధించడానికి ఇంతకంటే సజీవమైన ఉదాహరణ దొరకదు. రెండింటికీ భేదం ఒక్క గొళ్ళెం: టి.హెచ్.సి.లో ఒక ఆమ్లజని పక్కనున్న కర్బనాన్ని పట్టుకొని వలయంగా బిగుసుకుంటుంది. కెనబిడయోల్‌లో ఆ గొళ్ళెం పడలేదు. ఆ ఒక్క బంధం వల్ల ఒకటి మత్తు కలిగిస్తుంది, రెండవది మూర్ఛవ్యాధికి మందైంది. పిల్లలకు వచ్చే రెండు తీవ్రమైన మూర్ఛ రోగాలకు కెనబిడయోల్ ద్రావణాన్ని 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఆమోదించింది.

పచ్చి మొక్కలో టి.హెచ్.సి. అత్యల్పం, దాని ఆమ్లరూపమే ఉంటుంది. ఆ ఆమ్లం మత్తు కలిగించదు. వేడి తగిలినప్పుడు అది బొగ్గుపులుసు వాయువును విడిచి టి.హెచ్.సి.గా మారుతుంది. చిలుములో నిప్పు చేసే పని ఇదే. ఆడ మొక్క పూగుత్తులపై నూగువలె ఉండే సన్నని గ్రంథులలో ఈ జిగురు ఊరుతుంది గనుకనే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయిని నిర్వచించేటప్పుడు పూత కొసలను పేర్కొని, కొస లేని ఆకును, గింజను విడిచింది. భంగు ఆ నిర్వచనంలోకి రాకపోవడానికి మూలం అక్కడ ఉంది. అంతమాత్రాన భంగులో వేరే పదార్థం ఉన్నదని కాదు. అదే పదార్థం, తక్కువ పాలు.

ఇక్కడ రెండు మాటలు పక్కదారిన చెప్పనివ్వండి. మన గోంగూరకు దగ్గరి బంధువైన గోగు మొక్క శాస్త్రీయ నామం హైబిస్కస్ కెనబినస్. ఆకు గంజాయి ఆకును పోలినందున ఆ పేరు వచ్చింది. భీమునిపట్నం జనుమని పేరు పొందిన నార దానిదే. ఆ మొక్కలో మత్తు పదార్థం లేదు. రెండవది, దారి తప్పిన విద్యార్థిని చూపి తులసివనంలో గంజాయి మొక్క అనడం మనకు పరిపాటి. రసాయన శాస్త్రానికి సామెతలతో పని లేదు. కారియోఫిలీన్ అనే సుగంధ పదార్థం తులసిలోనూ ఉంది, గంజాయిలోనూ ఉంది, మన ఇంటి మిరియాలలో, లవంగాలలో కూడా ఉంది. ఆ సామెతను విద్యార్థి ముఖాన విసిరే ముందు ఉపాధ్యాయులు ఈ సంగతి గుర్తుంచుకుంటే బాగుంటుంది.

మెదడులో ఈ పదార్థం చేసే పని తెలిసింది మరీ ఆలస్యంగా. 1988లో అమెరికాలో హౌలెట్, డెవేన్ అనే శాస్త్రజ్ఞులు మెదడు కణాలపై టి.హెచ్.సి. అంటుకునే గ్రాహకం ఉన్నదని నిరూపించారు. తాళం ఉంటే దానికి ఇంటి తాళపుచెవి కూడా ఉండాలి కదా! 1992లో మెకూలమ్ ప్రయోగశాలలో అదీ దొరికింది. మన మెదడు తనకు తానే తయారుచేసుకునే పదార్థం. సంస్కృతంలోని ఆనంద శబ్దాన్ని తీసుకొని దానికి 'ఆనందమైడ్' అని నామకరణం చేశారు. దిల్ అనే పారశీక పదం, సుఖ్ అనే సంస్కృత పదం కలిసిన పేటలో చదువుకునే మనకు ఈ పేరు కొత్తగా తోచనక్కరలేదు. ఆనందమైడ్ అవసరమైన చోట పుట్టి, పని ముగించి, క్షణాలలో విచ్ఛిన్నమవుతుంది. టి.హెచ్.సి. అట్లా కాదు. తాళంలో దూరిన దొంగ చెవి వలె అది చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది, అన్ని గదులలోను ఒకేసారి తిరుగుతుంది. ఆ గ్రాహకాలు దట్టంగా ఉన్న చోట్లలో జ్ఞాపకశక్తికి ఆధారమైన భాగం ఒకటి, శరీర సమతుల్యాన్ని నడిపే భాగం మరొకటి. రాత్రి చదివింది ఉదయానికి నిలవకపోవడం, మోటారు సైకిలుపై అంచనా తప్పడం – వీటికి మూలం ఇదే. పోటీ పరీక్షల ఒత్తిడి తట్టుకోవడానికి పీలుస్తున్నామని చెప్పుకునేవారు, పరీక్షకు కావలసిన శక్తినే తాకట్టు పెడుతున్నారు.

నిజం చెప్పదలచినప్పుడు సగం చెప్పరాదు. ఊపిరిని నడిపే మెదడు కాండంలో ఈ గ్రాహకాలు చాలా తక్కువ. అందువల్ల హెరాయిన్ వలె గంజాయి ఊపిరి ఆపి చంపడం జరగదు. గోడపత్రికలోని పుర్రె ఇక్కడే ఓడిపోతుంది. ఒకసారి పీల్చిన కుర్రవాడు మరునాడు ఉదయం లేచి టీ తాగి తరగతికి వస్తాడు, చావలేదు. ఆ క్షణం నుండి అతడు గోడపత్రికలోని తక్కిన మాటలను కూడా నమ్మడం మానేస్తాడు. నమ్మవలసిన మాటలు అందులోనే ఉన్నాయి. 1987లో ప్రకటించిన ఒక అధ్యయనంలో 45 వేలమందికి పైగా స్వీడన్ సైనిక యువకులను పదిహేనేళ్ళు గమనించగా, ఏభైసార్లకు మించి గంజాయి వాడామన్నవారిలో స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి ఆరురెట్లు ఎక్కువగా కనిపించింది. వ్యాధికి మొగ్గే స్వభావం ఉన్నవారే గంజాయికి మొగ్గి ఉండవచ్చునన్న వాదమూ ఉంది. ఆ వాదాన్ని లెక్కలోకి తీసుకున్న తరువాతి అధ్యయనాలలోనూ సంబంధం పూర్తిగా చెరిగిపోలేదు. ఇరవై ఏళ్ళు దాటినా మెదడు ఎదుగుతూనే ఉంటుంది గనుక ఇంటర్మీడియట్ కుర్రవానికి ఉన్న ప్రమాదం నడివయసు వానికి ఉన్నంత మాత్రమే అనుకోరాదు.

అమ్మేవాడు చెప్పే మాటలు మనందరికీ తెలిసినవే. ఇది ఆకు పసరు, ప్రకృతి ఇచ్చినది అంటాడు. ఉమ్మెత్త కూడా ప్రకృతి ఇచ్చినదే. అలవాటు కాదంటాడు. వాడినవారిలో సుమారు పదిమందికి ఒకరు దానికి లోబడిపోతారని, చిన్న వయసులో మొదలుపెట్టినవారిలో ఆరుగురికి ఒకరు వరకు ఉంటారని అంచనా. మానినప్పుడు నిద్రలేమి, చిరాకు, ఆకలి మందగించడం వైద్యులు గుర్తించిన లక్షణాలు. బ్రిటిష్ ప్రభుత్వం వేసిన సంఘమే మితమైన వాడకం హానికరం కాదన్నదని కొందరు చదువుకున్నవారు కూడా వాదిస్తారు. నిజమే, 1893–94 నాటి ఆ సంఘం స్థూలంగా అట్లాగే అభిప్రాయపడింది. కాని సంఘం సభ్యులకు టి.హెచ్.సి. పేరు తెలియదు, గ్రాహకం తెలియదు. వారి ముందున్న సరుకు నేటి హాష్ ఆయిల్ కాదు.

ఆ హాష్ ఆయిలే నేడు మన పేటలకు వచ్చిన కొత్త ఉపద్రవం. ద్రావణితో గంజాయి జిగురును కడిగి, ద్రావణిని ఆవిరి చేస్తే మిగిలే నల్లని చిక్కని నూనె. చిన్న సీసాలో పడుతుంది, వాసన తక్కువ, జేబులో దాగుతుంది. కొద్ది చుక్కలే కదా అని విద్యార్థి అనుకుంటాడు. ఎండు గంజాయితో పోలిస్తే అందులో మత్తు పదార్థం ఎన్నో రెట్లు. చట్టం కూడా దీనిని గంజాయిగా గాక చరస్‌గా లెక్కిస్తుంది: గంజాయికి స్వల్ప పరిమాణపు హద్దు ఒక కిలో అయితే దీనికి 100 గ్రాములే. గంజాయి కలిపిన చాక్లెట్ల సంగతి మరొకటి. మింగినది కాలేయం గుండా పోయి అంతకంటే చురుకైన రూపంగా మారుతుంది. పని మొదలు కావడానికి గంట, రెండు గంటలు పట్టవచ్చు. ఏమీ కాలేదని రెండవది తిన్నవాడు ఆస్పత్రి పాలవుతాడు.

శరీరంలో నిలిచే కాలం కూడా చెప్పాలి. కొవ్వులో కరిగే పదార్థం కొవ్వులోనే దాక్కొని కొద్ది కొద్దిగా బయటికి వస్తుంది. రోజూ వాడేవారి మూత్రంలో దాని అవశేషాలు వారాల తరబడి కనిపిస్తాయి.

రసాయనం బోధిస్తే లేని కుతూహలం రేపినట్లవుతుందని పెద్దలలో కొందరు శంకించవచ్చు. ఆ శంకను తేలికగా తీసివేయను. అయితే కుతూహలం ఇప్పటికే రేగి ఉంది. దాన్ని తీర్చే బాధ్యతను మనం వదులుకుంటే వసతి గృహం కింది పాన్ డబ్బా వద్ద నిలబడేవాడు స్వీకరిస్తాడు. వాడి పాఠంలో కెనబిడయోల్ వల్ల మూర్ఛ తగ్గిందన్న సగం మాత్రమే ఉంటుంది.

కమిటీ వారు చేయవలసినది రసాయన శాఖతో ఆగదు. ఈ అలవాటులో పడిన విద్యార్థికి, అమ్ముకునే విద్యార్థికి ఒకే శిక్ష విధించి పంపివేయడం అనేక విద్యాసంస్థలలో ఆనవాయితీ అయింది. చట్టం అంత కఠినంగా లేదు. స్వల్ప పరిమాణంతో పట్టుబడిన వ్యసనపరుడు స్వచ్ఛందంగా ప్రభుత్వ గుర్తింపు గల చోట చికిత్సకు వస్తే ప్రాసిక్యూషన్ నుండి విముక్తి కల్పించే 64ఎ సెక్షన్ ఆ చట్టంలోనే ఉంది. చట్టం చూపిన ఆ దయను కళాశాల నిబంధనలలో ఎందుకు చేర్చుకోరాదు? మరొకవైపు, తెలిసినవాడు ఇచ్చాడు కదా అని రెండు కిలోల సంచిని ఎల్.బి.నగర్ నుండి మరో పేటకు చేర్చే పేద విద్యార్థికి, తాను స్వల్ప పరిమాణపు గీత దాటి పదేళ్ళ వరకు శిక్ష పడగల నేరంలో అడుగుపెట్టాడని ముందుగా చెప్పినవారెవరు? కిరాయి కొద్ది వందలు. కేసు మాత్రం జీవితకాలపు ఉద్యోగావకాశాలన్నింటినీ మింగుతుంది.

అందుచేత రాబోయే విద్యాసంవత్సరంలో ప్రథమ సంవత్సర విద్యార్థులందరికీ ఏ శాఖ వారైనా సరే రెండు గంటల పాఠం ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. ఒక గంట రసాయన శాస్త్రం, ఒక గంట చట్టం. పాఠం ఉర్దూలోను, తెలుగులోను జరగాలి. నిషా అనే మాటను తెలుగు ఉర్దూ నుండే తెచ్చుకుంది. దానిని గురించిన జ్ఞానం కూడా రెండు భాషలలో పంచుకోవడం ఉచితం. తానుగా వచ్చి చెప్పుకున్న విద్యార్థి పేరు రిజిస్టరులో ఎక్కకుండా, తల్లిదండ్రులకు ఒక అధ్యాపకుడు స్వయంగా తెలియజేసి, ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికో మరొక ప్రభుత్వ కేంద్రానికో వెంట తీసుకొని వెళ్ళే ఏర్పాటు ఉండాలి. పుర్రె బొమ్మ గోడపత్రికను తీసివేయమనను. దాని కింద 14446 అనే జాతీయ సహాయ నంబరును, దూరం నుండి చదవగలిగేంత పెద్ద అక్షరాలలో రాయిస్తే చాలు.