గది కాదు, ముందు చెట్టు మొదలు చూడండి

దసరా నుంచి సంక్రాంతి దాకా మన పిల్లల ఫోన్లలో ఒకటే వెతుకులాట. అడవిలో, చెట్టు మీద, రెండు రాత్రులు ఉండేందుకు గది ఎక్కడ దొరుకుతుందని. ముందు వయనాడ్ పేరు వస్తుంది, తర్వాత కూర్గ్ పేరు వస్తుంది. పెద్దారవీడు నుంచి పడమటికి తలెత్తితే కనపడే నల్లమల పేరు ఎక్కడో చివర్లో వస్తుంది. కోరిక మంచిదే. మద్దిచెట్టుకూ ఏగిసచెట్టుకూ తేడా తెలియాలంటే పిల్లలు ఒక్క రాత్రయినా అడవి పక్కన పడుకోవాలి. గది ఎంచుకునే తీరే సరిగ్గా లేదు. బాల్కనీ ఫొటో నచ్చితే చాలు, డబ్బు కట్టేస్తున్నారు. నేను చెప్పేది ఇదీ: ఆ నేల ఎవరిదో అడగండి, చెట్టు మొదలు చూడండి, రాత్రి కాపలా ఎవరో తెలుసుకోండి. గది సంగతి ఆ తర్వాత.

నేల సంగతి ముందెందుకంటే, అది ప్రాణాలతో ముడిపడిన విషయం. 2021 జనవరిలో వయనాడ్ జిల్లా మేప్పాడి దగ్గర ఒక రిసార్టు గుడారంలో బస చేసిన యువతి ఏనుగు దాడిలో చనిపోయింది. అక్కడ గుడారాలు వేయడానికి అనుమతే లేదని అధికారులు ఆ తర్వాత చెప్పారు. అంతకు కొన్ని నెలల ముందు, 2020 అక్టోబరులో, నీలగిరుల్లో ఏనుగుల దారిని కాపాడాల్సిందేనని, ఆ దారికి అడ్డంగా వెలసిన రిసార్టులు ఖాళీ చేయాల్సిందేనని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మన నల్లమలలో ఏనుగులు లేవు, పులులున్నాయి. నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం 1983లో ప్రాజెక్ట్ టైగర్‌లో చేరింది. విస్తీర్ణంలో దేశంలోని పులుల అభయారణ్యాలన్నింటిలో ఇదే పెద్దది. ఇలాంటి అడవుల నడిబొడ్డున పర్యాటకుల కోసం కొత్త కట్టడాలు వద్దని 2012 నాటి కేంద్ర మార్గదర్శకాలే చెబుతున్నాయి. అందుకే ‘పులుల అడవి మధ్యలో మా ప్రైవేటు చెట్టిల్లు’ అనే ప్రకటన కనపడితే ఆ పేజీ మూసేయండి. పట్టా భూమా, అటవీ భూమా, పంచాయతీ అనుమతి ఉందా అని నోరు తెరిచి అడగండి. సరైన కాగితాలున్నవాడు చూపించడానికి వెనకాడడు.

దూరం పోనక్కర్లేకుండా మన చుట్టూనే దారులున్నాయి. దోర్నాల–శ్రీశైలం రోడ్డులో తుమ్మలబైలు దగ్గర అటవీశాఖ జంగిల్ సఫారీ నడుపుతోంది. గిద్దలూరు–నంద్యాల ఘాట్‌లో పచ్చర్ల, ఆత్మకూరు వైపు బైర్లూటి అటవీశాఖ క్యాంపులు. కృష్ణ అవతల, అమ్రాబాద్ అడవిలో, తెలంగాణ అటవీశాఖ 2021లో ‘టైగర్ స్టే’ పేరుతో మన్ననూరులో రాత్రి బస మొదలుపెట్టింది. వీటన్నిటిలో చెట్టు మీద గదులు ఉండకపోవచ్చు. అయినా సరే, అడవి కోసం వెళ్లేవాళ్లకు ఎత్తు మీద కట్టిన గదికన్నా అడవి తెలిసిన మనిషి తోడు విలువైనది. ఒక్కటి మాత్రం మరవొద్దు: దోర్నాల దాటాక ఘాట్ రోడ్డు రాత్రి తొమ్మిదింటికి మూసేస్తారు, తెల్లారి ఆరుకు తెరుస్తారు. ఆ గంటలు జంతువులవి.

ఇక చెట్టు. నిజంగా చెట్టు మీదే కట్టిన గదికి వెళ్తే, నిచ్చెన ఎక్కేముందు మాను చుట్టూ ఒకసారి తిరగండి. ఇనుప తాడు గానీ పట్టీ గానీ మాను చుట్టూ బిగించి, అది బెరడులోకి దిగబడి, పైన వాచినట్టు ఉబ్బి ఉంటే ఆ చెట్టు చావుకు దగ్గరపడుతున్నట్టే. ఆకుల్లో తయారైన ఆహారం వేళ్లకు చేరేది బెరడు లోపలి పొర గుండానే. దాన్ని చుట్టూరా బిగిస్తే వేళ్లు ఎండిపోతాయి. నేల బలకలకూ మానుకూ మధ్య సందు ఉందో లేదో కూడా చూడండి. చెట్టు లావెక్కుతుంది, గాలికి ఊగుతుంది. సందు లేకపోతే ఒరుసుకుని బెరడు లేచిపోతుంది. అమెరికాలోని ఒరెగాన్‌లో చెట్టిళ్లు కట్టే మైఖేల్ గార్నియర్ దీనికోసమే లావుపాటి ఉక్కు బోల్టు ఒకటి రూపొందించాడు. అది మానులో ఒకచోట లోతుగా దిగుతుంది, దూలం దాని మీద ఆనుతుంది, చెట్టు దాని చుట్టూ కొత్త కర్ర పెంచుకుంటుంది. అంత పనితనం దొరకని చోట చెట్టు పక్కన స్తంభాలు పాతి, వాటి మీద గది కట్టడమే మేలు. చెట్టు మీద బరువు పడదు, మనకు నీడా దక్కుతుంది.

ఎండ సంగతి మన ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. నల్లమల ఆకురాల్చే అడవి. మార్చి వచ్చేసరికి కొమ్మలు బోసిపోతాయి. నలభై డిగ్రీలు దాటే ఏప్రిల్‌లో, ఆకులేని చెట్టు మీద, రేకుల కప్పు కింద, అద్దాల గదిలో పిల్లల్ని పడుకోబెట్టడం తప్పు. మన జొన్నచేలల్లో మంచె కట్టే రైతులకు ఈ లెక్క ఎప్పుడో తెలుసు. నాలుగు గుంజలు, అడ్డకర్రలు, పైన బోదగడ్డి, నాలుగు వైపులా గాలి. ఏసీ పెట్టిన చెట్టిల్లు కన్నా, దోమతెర కట్టి నాలుగు వైపులా తెరిచి ఉంచిన మంచె నిద్ర పట్టేందుకు ఎన్నో రెట్లు మేలు. అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా రండి. తుపాను హెచ్చరిక ఉంటే ప్రయాణం మానుకోండి.

రాత్రి మాట. ఎత్తులో ఉన్నాం కాబట్టి భయం లేదనుకోవద్దు. చిరుతపులి చెట్టెక్కుతుంది, ఎలుగుబంటి కూడా ఎక్కుతుంది. గదిలో పళ్లు, తీపి పదార్థాలు దాచుకుంటే కోతులూ ఎలుగులూ వాసన పట్టేస్తాయి. మరుగుదొడ్డి కింద ఉంటే, అర్ధరాత్రి టార్చి లేకుండా కాలు కింద పెట్టొద్దు. కట్లపాము, రక్తపింజరి తిరిగేది ఆ వేళల్లోనే. కాబట్టి అడగాల్సినవి ఇవీ: రాత్రంతా కాపలా ఉండేదెవరు? వాహనం సిద్ధంగా ఉంటుందా? పాముకాటుకు సూదిమందు ఉన్న ఆసుపత్రికి ఎంతసేపు పడుతుంది? ఫోన్ సిగ్నల్ లేకపోతే కబురు ఎలా పంపుతారు? కాపలా ఉండేది చెంచు మనిషి అయితే ఆ బస ఎంచుకోండి. ఏ అరుపు జింకదో, అది ఎందుకు అరిచిందో చెప్పగలిగేది వాళ్లే. మీ డబ్బులో కొంత చెంచుగూడేనికి చేరని బసను ప్రకృతి విహారం అనలేం.

ఇప్పుడే ఈ మాటలు రాయడానికి కారణం ఉంది. వెలిగొండ ప్రాజెక్టులో కొల్లంవాగు నుంచి సొరంగాల గుండా వచ్చే శ్రీశైలం నీటితో మన కొండల మధ్య నల్లమలసాగర్ నిండాలి. దాని సామర్థ్యం 53.85 టీఎంసీలు. పెద్దారవీడు మండలంలోని సుంకేసుల, కలనూతల, గుండంచర్ల ముంపు ఊళ్లు. నీళ్లు నిండిన మరునాడే ఒడ్డు వెంట రిసార్టుల బోర్డులు వెలుస్తాయి. ఊళ్లు వదులుకున్నవాళ్లు ఆ రిసార్టుల గేటు దగ్గర కాపలా ఉద్యోగంతో సరిపెట్టుకోవాల్సిన పని లేదు. అడవి అంచుకు ఇవతల, పట్టా పొలాల్లో, చింతచెట్టు పక్కనో వేపచెట్టు పక్కనో మంచె బసలు పెట్టుకునే హక్కు ముందు వాళ్లకే దక్కాలి. దానికి రుణం, శిక్షణ, సులువైన అనుమతి ఇవ్వాల్సింది పర్యాటక శాఖ, గిరిజన సంక్షేమ శాఖ. అభయారణ్యం లోపల మాత్రం ఎవరికీ ఒక్క గుంజ పాతే అనుమతి ఇవ్వకూడదు. ఈ నిబంధనలు నీళ్లు రాకముందే రాయాలి. మీ గ్రామసభలో ఈ తీర్మానం పెట్టించండి. గది బుక్ చేసుకునేవాళ్లు ఆ తీర్మానం ఉన్న ఊరినే ఎంచుకోండి.