సొరుగులో ఏడు దేశాల చిల్లర

నెలకి రెండుసార్లు విమానం ఎక్కే మనిషి ఉన్న ఇంటిని కనిపెట్టడం చాలా తేలిక. బాత్రూంలో బొటనవేలంత షాంపూ సీసాలు ఇరవై ఉంటాయి, ఒక్కదానితోనూ నా జడ తడవదు. బీరువా అడుగున హోటలు వాళ్ళిచ్చిన తెల్ల చెప్పులు, విప్పని కుట్టు డబ్బాలు, బూట్లు తుడిచే గుడ్డలు. ఇక టీవీ కింద సొరుగు లాగామా, గలగలమంటూ ఏడు దేశాల చిల్లర.

మా ఇంట్లో ఆ మనిషి మా వారు. మందుల కంపెనీలో ఎగుమతుల ఉద్యోగం. దుబాయి, సింగపూరు, ఫ్రాంక్‌ఫర్టు, లండను. మనం విజయవాడ వెళ్ళొచ్చినట్టు వెళ్ళొస్తారు.

ఎక్కువ తిరిగేవాళ్ళకి కొన్ని మడి ఆచారాలుంటాయండీ, మా అత్తయ్యగారి మడి కూడా వాటిముందు దిగదుడుపే. సీటు నడవా పక్కదే కావాలి. పెట్టె కింద బెల్టు మీద వేయకూడదు, చేతిలోనే ఉండాలి. చొక్కాలు మడత పెట్టకూడదు, చాపలా చుట్టాలి. విమానం ఆగీ ఆగకముందే అందరూ లేచి నిలబడతారే, ఆ సమయంలో వీళ్ళు లేవరు, కొత్తవాళ్ళని చూసి నవ్వుకుంటూ కూర్చుంటారు. పాస్‌పోర్టు ఎడమ జేబు, ఫోను కుడి జేబు. ఒకసారి నేను సర్దుతూ అటూఇటూ మార్చానని శంషాబాదు వెళ్ళేదాకా జేబులు తడుముకుంటూనే ఉన్నారు.

ఈ చేతిపెట్టె ఆచారం వల్ల నష్టపోయింది మా ఆవకాయ. 2006 ఆగస్టులో లండను పోలీసులు విమానాల్లో ద్రవ పేలుడు పదార్థాలు పెట్టే కుట్రని పట్టుకున్నప్పటి నుంచే కదా, వంద మిల్లీలీటర్లు దాటిన సీసా ఏదీ లోపలికి తీసుకెళ్ళకూడదన్న నియమం వచ్చింది. నూనె ఓడే ఆవకాయ సీసా పెద్ద పెట్టెలోనే వెళ్ళాలి. ఆ పెట్టె కోసం ఇరవై నిమిషాలు బెల్టు దగ్గర నిలబడటం ఈయన మర్యాదకి భంగం. అందుకని లండన్లో ఉన్న మా తమ్ముడికి మేనబావ చేతి మీదుగా ఇంతవరకూ ఒక్క సీసా చేరలేదు.

ఇవన్నీ నవ్వుకునే సంగతులే. చిల్లర దగ్గర మాత్రం నాకు నవ్వు రాదు.

చూడండి, అంత పద్ధతైన మనిషి, సాక్సులు కూడా లెక్కపెట్టి తీసుకెళ్ళే మనిషి, తిరిగొచ్చాక జేబులో మిగిలిన డబ్బుని గుప్పిట్లో తీసి సొరుగులో పోసేస్తారు. అంతే, అది ఇక డబ్బు కాదు. "చిల్లరేగా, ఉండనీ" అంటారు. ఏది చిల్లర? స్విట్జర్లాండు ఐదు ఫ్రాంకుల నాణెం ఒక్కటే మన లెక్కలో ఐదొందల పైమాటే. జపాను ఐదొందల యెన్నుల బిళ్ళ మూడొందలకి కాస్త అటూఇటూ. రెండు యూరోల బిళ్ళకి మన వీధి చివర బండి మీద కిలో టమాటాలూ, కిలో ఉల్లిపాయలూ వచ్చి ఇంకా మిగులుతుంది. అదే మనిషి, ఆటోవాడు పది రూపాయలు ఎక్కువ అడిగితే వీధంతా వినపడేలా బేరమాడతారు!

పైగా ఇది మనింట్లో రూపాయల్లా ఓపిగ్గా కూర్చునే డబ్బు కాదు. మొదటిది, మనూళ్ళో డబ్బు మార్చేవాళ్ళు నోట్లే చూస్తారు, నాణేలు ముట్టరు. అవి పుట్టిన దేశంలో తప్ప ఎక్కడా చెల్లవు. రెండోది, నోట్లకీ ఆయుష్షు ఉంది. ఇంగ్లండులో కాగితపు ఇరవై, యాభై పౌన్ల నోట్లు 2022 సెప్టెంబరు 30తో అంగళ్ళలో చెల్లడం ఆగిపోయాయి. మా సొరుగులో రెండు ఇరవైలు ఆ తారీకు దాటిపోయాయి. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు వాటిని ఎప్పటికైనా మార్చి ఇస్తుందట, నిజమే. కానీ నలభై పౌన్ల కోసం మీటింగు మానేసి ఆ వరసలో ఎవరు నిలబడతారు? అమెరికా డాలరు మాత్రం పాతకాలపు పెద్దమనిషి. 1861 నుంచి వాళ్ళ ప్రభుత్వం అచ్చువేసిన నోటు ఏదైనా చెల్లుతుంది. అందరూ డాలర్లు కారు మరి.

మన నోట్ల సంగతి మర్చిపోయారా? డల్లాసులో ఉండే మా ఆడపడుచు, వచ్చినప్పుడు టాక్సీకి ఉంటాయని హ్యాండుబ్యాగులో ఏడువేలు, అన్నీ ఐదొందల నోట్లే, దాచుకుంది. 2016 నవంబరు 8 రాత్రి అవి చిత్తుకాగితాలయ్యాయి. విదేశాల్లో ఉన్నవాళ్ళకి 2017 జూన్ 30 దాకా గడువిచ్చారు గానీ, రిజర్వు బ్యాంకు వాళ్ళ ఐదు ఆఫీసుల్లోనే మార్చుకోవాలన్నారు. ముంబయి, ఢిల్లీ, చెన్నై, కోల్‌కతా, నాగపూరు. మన హైదరాబాదు ఆ జాబితాలో లేదు. ఏడువేల కోసం టికెట్టు కొనుక్కుని ఎవరొస్తారు? ఇప్పటికీ ఆ నోట్లు ఆమె దగ్గరే ఉన్నాయి, పిల్లలకి చూపించడానికి.

చట్టం కూడా ఒకటుంది. విదేశాల నుంచి మిగుల్చుకొచ్చిన డబ్బుని 180 రోజుల్లోగా మళ్ళీ అమ్మేయాలి. రెండువేల డాలర్ల విలువ దాకా నోట్లు మళ్ళీ వెళ్ళేటప్పటికని ఉంచుకోవచ్చు. నాణేలకి పరిమితి లేదు. మా సొరుగు చట్టానికి లోబడే ఉంది లెండి, నా పోరు దానితో కాదు.

అందుకే రెండేళ్ళ క్రితం పాత పెళ్ళి కవర్లు మూడు తెచ్చి పెట్టాను. ఒకదాని మీద "మళ్ళీ వెళ్ళే ఊళ్ళు" అని రాశాను. ఆయన పెట్టె సర్దేటప్పుడు ఆ దేశం డబ్బు తీసి పాస్‌పోర్టుతో పాటు ఎడమ జేబులో పెడతాను. రెండోది "మార్చాల్సినవి". నోట్లు పోగై ఓ పదివేలు దాటాక ఒకేసారి మార్పిస్తాం. మూడోది "వెళ్ళేవాళ్ళకి". ఆ మూడోదాని గురించే నేను చెప్పాలనుకున్నది.

మా చెల్లెలి కూతురు జర్మనీకి చదువుకోడానికి వెళ్ళింది. అప్పు చేసి పంపారు. డబ్బంతా కార్డులోనే, చేతిలో యాభై యూరోల నోట్లు నాలుగు. నేను ఆ కవరులోంచి ముప్ఫైరెండు యూరోల చిల్లర గుడ్డసంచిలో కట్టి ఇచ్చాను. "ఏంటి పెద్దమ్మా, దక్షిణా?" అని నవ్వింది. వెళ్ళిన మూడోరోజు ఫోను. అక్కడ సూపర్‌మార్కెట్లో సామాన్లబండి గొలుసు విడవాలంటే నాణెం పెట్టాలట, హాస్టల్లో బట్టలుతికే యంత్రానికీ నాణేలేనట. కూడా వచ్చిన పిల్లలు యాభై నోటు పట్టుకుని చిల్లర కోసం తిరుగుతుంటే ఇది మహారాజులా అందరికీ ఇచ్చిందట. ఆయన జేబు దులిపి పడేసిన డబ్బు, పరాయి దేశంలో మొదటి వారం ఒక ఆడపిల్లకి ధైర్యమైంది.

ఇప్పుడు మన ఇళ్ళల్లో, ముఖ్యంగా మన రెండు రాష్ట్రాల్లో, వీధికో పిల్ల, పిల్లాడు ఎక్కడికో చదువుకి వెళ్తూనే ఉన్నారు. అందరి సొరుగుల్లోనూ చిల్లర మూలుగుతూనే ఉంది. ఈ రెండిటినీ కలిపితే చాలు. అలా ఎవరూ దొరక్కపోతే కాథే పసిఫిక్ లాంటి కొన్ని విమానాల్లో యునిసెఫ్ వాళ్ళ కవరు ఇస్తారు, ఏ దేశం చిల్లరైనా అందులో వేయొచ్చు. 1987 నుంచీ ఉందది. అదీ కాదంటే తిరుగు ప్రయాణం రోజు హోటలు బిల్లులో ఉన్న నగదంతా ముందు కట్టేసి, మిగతాది కార్డు మీద గీకితే సరి. జేబు ఖాళీగా ఇంటికొస్తుంది.

ఇదంతా వినిపిస్తే మా వారు ఒకటే మాట అన్నారు: "అలసిపోయి వస్తానే, ఆ క్షణంలో జేబులో బరువు దించుకోవడమే కావాలి." అందులో అబద్ధం లేదు. రాత్రంతా కూర్చుని ప్రయాణం చేసి తెల్లవారుజామున దిగే మనిషిని తప్పుపట్టలేను.

కానీ నా అభిప్రాయం కూడా వినండి. ఎక్కువ తిరిగేవాళ్ళ పద్ధతి, ఓపిక, లెక్క అన్నీ గుమ్మం అవతలే ఖర్చైపోతాయి. ఇంటికి మిగిలినవి వస్తాయి. మిగిలిన షాంపూ, మిగిలిన చిల్లర, మిగిలిన ఆదివారం. మా చిన్నాడికి ఏడేళ్ళప్పుడు స్కూల్లో "మీ నాన్న ఏం తెస్తారు" అని రాయమంటే "పైసలు తెస్తారు, కానీ అవి మా ఊళ్ళో చెల్లవు" అని రాశాడు. టీచరు నవ్విందట. నేను నవ్వలేదు.

అలాగని ఉద్యోగం మానమంటామా? ఆ తిరుగుళ్ళతోనే ఇల్లు నడుస్తోంది. నేననేది, మిగిలినవాటికి కూడా ముందే ఒక చోటు నిర్ణయించాలని. మైలేజీ పాయింట్లున్నాయే, గడువు తీరిపోతాయని మా వారు తన సీటు వెడల్పు చేసుకోడానికి వాడేసేవారు. మొన్న కార్తీకంలో వాటితోనే మా అత్తయ్యగారికి కాశీ టికెట్టు తీయించాను. డెబ్భైనాలుగేళ్ళకి మొదటిసారి విమానమెక్కి, కిటికీ పక్క సీటు అడిగి మరీ కూర్చున్నారావిడ. నడవా పక్క సీటు కోసం జీవితమంతా పోరాడిన కొడుకు పక్కనే కూర్చుని, మేఘాలు చూపిస్తూ వెళ్ళాడు.

ఈ వారం మీ సొరుగు ఒకసారి లాగి చూడండి. నోట్ల మీద ఏడాది చూడండి, నాణేలు దేశాలవారీగా వేరు చేయండి. తెలిసినవాళ్ళ పిల్లలెవరైనా ఆ దేశం వెళ్తున్నారేమో కనుక్కోండి. నా దగ్గర ఇంకా పదకొండు సింగపూరు డాలర్ల చిల్లర ఉంది. మా అపార్టుమెంటులో రెండో అంతస్తు పిల్లాడు జులైలో వెళ్తున్నాడట, వాళ్ళమ్మకి చెప్పి ఉంచాను.